బొమ్మలాంటి పిల్ల, బొమ్మలు వేసే పిల్ల

మన భాషలో అందమైన ఆడపిల్లని మెచ్చుకోడానికి 'బాపు బొమ్మ' అనే మాట స్థిరపడిపోయింది. బొమ్మలు బాగా వేసే ఆడపిల్లని మెచ్చుకోడానికి మాత్రం అలాంటి మాట ఒక్కటీ పుట్టలేదు. 'చేతిలో పనితనం ఉంది' అంటాం. 'ఓపిక ఎక్కువ' అంటాం. 'రేపు ఇల్లు చక్కగా సర్దుకుంటుంది' అనేవాళ్ళూ ఉన్నారు. బొమ్మలా ఉండటం గౌరవం, బొమ్మ వెయ్యడం కాలక్షేపం. ఈ తేడాని పక్కన పెట్టేసి, హైస్కూల్లో బొమ్మలు వేసే ఆడపిల్లకి కాలేజీలో చిత్రకళ చదవడం గురించి ఎన్ని సలహాలు చెప్పినా అవి సగం సలహాలే అవుతాయి.

పదో తరగతి, ఇంటర్ పిల్లల కోసం వచ్చే కెరీర్ గైడెన్సు పుస్తకాలు, దినపత్రికల చదువు పేజీలు, కాలేజీల కరపత్రాలు, స్కూళ్ళలో పెట్టే అవగాహన సదస్సుల ఉపన్యాసాలు - వీటిని కూడా ఒక రకం సాహిత్యంగా తీసుకుని విమర్శకు పెట్టొచ్చు. వీటిలో ఉండే సమాచారం చాలావరకు సరైనదే, అవసరమైనదే. ఇంటర్ అయ్యాక బి.ఎఫ్.ఏ.లో చేరొచ్చనీ, అది నాలుగేళ్ళ కోర్సనీ, పెయింటింగు, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ వంటి శాఖలు ఉంటాయనీ చెబుతాయి. 1972లో జె.ఎన్.టి.యు. ఏర్పడినప్పుడు అందులో కలిసిన హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, 2008లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమయింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ శాఖ ఉంది. కడపలో 2020లో మరో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. బయటికి వెళ్ళగలిగితే శాంతినికేతన్ కళాభవన్, బరోడా, ముంబాయి జె.జె. స్కూలు ఉన్నాయి. ఇవన్నీ తెలియక ఆగిపోయే పిల్లలు ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఈ వివరాలు చెప్పడం మంచిపనే.

కానీ ఈ రాతల్లో కనిపించే 'విద్యార్థి' ఎవరు? ఆ విద్యార్థికి ఇల్లు లేదు. కులం లేదు. చీకటి పడేలోగా ఇంటికి చేరాలన్న నియమం లేదు. తమ్ముణ్ణి ట్యూషన్‌కి దింపి రావలసిన పనీ, అమ్మకి ఒంట్లో బాగోలేనప్పుడు పొయ్యి దగ్గర నిలబడాల్సిన అవసరమూ లేవు. ఆసక్తి, ప్రతిభ, ఊహాశక్తి - ఈ మూడూ ఉంటే చాలు, తలుపులు తెరుచుకుంటాయన్నట్టు రాస్తారు. ఆ మూడూ గాలిలో పుట్టవు కదా. అవి పెరగడానికి సమయం కావాలి, జాగా కావాలి, కాగితం, రంగులు కావాలి, తిరగడానికి వీధి కావాలి. వీటిని ఎవరికి ఎంత పంచాలో పితృస్వామ్యం ముందే నిర్ణయించి పెట్టాక, చివర్లో మిగిలినదానికి మనం 'ప్రతిభ' అని పేరు పెడుతున్నాం.

ప్రవేశ పరీక్షనే చూద్దాం. ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షల్లో 'మెమరీ డ్రాయింగు'కి పెద్ద స్థానం ఉంటుంది. ఎదురుగా ఏమీ పెట్టకుండా, ఒక సన్నివేశం పేరు చెప్పి, చూసిన జ్ఞాపకంతో వెయ్యమంటారు. ఈ పరీక్షలకు తయారయ్యే పిల్లలు మామూలుగా సాధన చేసే సన్నివేశాలు బస్టాండు, సంత, రైల్వే ప్లాట్‌ఫారం, టీకొట్టు, తిరునాళ్ళు, క్రికెట్ ఆట. చూడ్డానికి ఇందులో లింగవివక్ష ఏమీ లేదు. ఆడపిల్లలూ బస్టాండుకి వెళతారు, సంతలో కూరలు కొంటారు. కానీ వెళ్ళడం వేరు, నిలబడి చూడటం వేరు. టీకొట్టు బల్లమీద కూర్చున్న ముసలాయన నడుం ఎలా వంగుతుందో, మూట ఎత్తుకున్న మనిషి మెడ నరాలు ఎలా బిగుస్తాయో చేతికి తెలియాలంటే అక్కడ ఊరికే, ఏ పనీ లేకుండా చాలాసేపు ఉండాలి. ముంబాయిలో స్త్రీలు పబ్లిక్ స్థలాల్లో ఎలా మసలుతారో అధ్యయనం చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం తెచ్చారు. ఆడవాళ్ళు వీధిలో ఉండాలంటే ఎప్పుడూ ఏదో ఒక పని మీద ఉన్నట్టు కనిపించాలనీ, ఏ కారణమూ లేకుండా వీధిలో ఉండే హక్కే అసలైన హక్కనీ వాళ్ళ వాదన. చిత్రకళ నేర్చుకునే పిల్లకి ఈ హక్కు పాఠ్యపుస్తకంతో సమానం. స్కెచ్‌బుక్ పట్టుకుని రెండు గంటలు బస్టాండులో కూర్చున్న పదహారేళ్ళ కుర్రాణ్ణి 'ఆర్టిస్టు' అంటారు. అదే వయసు అమ్మాయి కూర్చుంటే ఏమంటారో మనందరికీ తెలుసు. ఆ తర్వాత పరీక్ష హాల్లో ఇద్దరికీ ఒకే ప్రశ్న ఇచ్చి, ఒకే కొలతతో మార్కులు వేస్తాం.

ఆమెకి తెలిసిన లోకం లేదా అంటే, ఉంది. వీధికొళాయి దగ్గర వరస, డ్వాక్రా సమావేశంలో చాప మీద కూర్చున్న తల్లులు, ప్రసూతి వార్డు బయట ఎదురుచూసే మనుషులు, వంటింట్లో మధ్యాహ్నం మూడింటి వెలుతురు - ఇవన్నీ ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది. చిక్కేమిటంటే ఆ లోకాన్ని ఆమె కంటే ముందే మగ చిత్రకారులు వేసేశారు. నీళ్ళబిందెతో నడిచే పల్లెపడుచు, తల దువ్వుకునే స్త్రీ, పెద్దబొట్టు పెట్టుకున్న తెలంగాణ అమ్మ - మన క్యాలెండర్ల మీదా గ్యాలరీల్లోనూ అలవాటైపోయిన రూపాలు. కొందరు ఆ రూపాల్ని ప్రేమతోనే వేశారు. తోట వైకుంఠం తన తెలంగాణ స్త్రీలకు తల్లే ప్రేరణ అని చెప్పుకున్నారు కూడా. అయినా ఆ అమ్మ కూతురు కుంచె పట్టుకుని వచ్చేసరికి, తన ఇల్లు అప్పటికే మరొకరి శైలిగా మారి గోడకి వేలాడుతూ కనిపిస్తుంది. బిందె బరువుకి నడుం ఎలా నొప్పెడుతుందో ఆమెకి తెలుసు. చూసేవాళ్ళకి మాత్రం ఆ నడుం వంపే కావాలి. 1989లో న్యూయార్క్‌లో గెరిల్లా గర్ల్స్ అనే బృందం మెట్రోపాలిటన్ మ్యూజియం గురించి ఒక పోస్టరు వేసింది. ఆధునిక కళా విభాగాల్లో చిత్రకారుల్లో స్త్రీలు 5 శాతం కన్నా తక్కువ, నగ్నచిత్రాల్లో 85 శాతం స్త్రీలవే అని అందులో లెక్క చెప్పారు. మన బాపు బొమ్మ సమస్యే అక్కడ అంకెల్లోకి వచ్చింది. బొమ్మలో ఉండటానికి స్త్రీలకి ఎప్పుడూ చోటుంది, బొమ్మ వెయ్యడానికే లేదు.

ఇక చేతిపని సంగతి. బొమ్మలు బాగా వేసే అమ్మాయికి హైస్కూల్లో దొరికే మొదటి ఉద్యోగం జీతంలేని ఉద్యోగం. క్లాసులో సగంమంది సైన్సు రికార్డులు ఆమే వేసిపెడుతుంది. కప్ప జీర్ణవ్యవస్థ, మందారపువ్వు నిలువుకోత, గుండె నాలుగు గదులు - ఏడాదిలో కొన్ని వందల బొమ్మలు. ఇన్‌స్పెక్షనుకి చార్టులు, ఆగస్టు పదిహేనుకి బోర్డు మీద జెండా, సంక్రాంతికి ముగ్గు, పెళ్ళిళ్ళకి గోరింటాకు, కొంచెం పెద్దయ్యాక మగ్గం వర్కు జాకెట్ల మీద డిజైను ట్రేసింగు. ఇంత సాధన చేసిన చేతిని కాలేజీ గుమ్మం దగ్గర 'నువ్వు ఆర్టు ఏమైనా నేర్చుకున్నావా?' అని అడిగితే 'లేదండీ' అని ఆ పిల్లే చెబుతుంది. ప్రభుత్వ పరీక్షల విభాగం నడిపే లోయర్, హయ్యర్ గ్రేడ్ టెక్నికల్ పరీక్షల్లో డ్రాయింగు, చేనేత, టైలరింగు-ఎంబ్రాయిడరీ ఒకే వరసలో ఉంటాయి. ఆ నోటిఫికేషన్ తయారుచేసిన గుమాస్తాకి ఉన్నపాటి సమదృష్టి మన కళావిమర్శకి లేకపోయింది. గీత కాగితం మీద ఉంటే కళ, గుడ్డ మీద ఉంటే కుట్టుపని, నేల మీద ఉంటే ఆచారం. మూడుచోట్లా గీసిన చెయ్యి ఒకటే.

ఈ గుమ్మానికి చరిత్ర ఉంది. ఆ చరిత్ర మన సలహా పుస్తకాల్లో ఎక్కడా కనబడదు. లండన్‌లో రాయల్ అకాడమీ 1768లో మొదలైనప్పుడు స్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలు ఉన్నారు - ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. కొద్ది సంవత్సరాలకే జొఫనీ అనే చిత్రకారుడు ఆ సభ్యుల్ని ఒక పెద్ద చిత్రంలో వేశాడు. మగవాళ్ళంతా నగ్నంగా ఉన్న మగ మోడల్ చుట్టూ నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. ఆడవాళ్ళిద్దరూ ఆ గదిలో ఉండరు, గోడ మీద పటాలుగా వేలాడుతూ ఉంటారు. నగ్నమైన మోడల్ ఉన్నచోట స్త్రీలు ఉండకూడదు కాబట్టి సభ్యులైన స్త్రీలే బొమ్మలైపోయారు. ఆ అకాడమీ స్కూల్లోకి మొదటి విద్యార్థినిగా లారా హెర్‌ఫర్డ్ 1860లో ప్రవేశించింది. ఎలాగంటే, పంపిన బొమ్మ కింద పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో మాత్రమే సంతకం పెట్టింది. మగవాడనుకుని సీటు ఇచ్చారు. పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ 1897లో గాని స్త్రీలకి తలుపులు తెరవలేదు.

'గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరు?' అని 1971లో లిండా నోక్లిన్ రాసిన వ్యాసం ఈ చరిత్రనే ముందుపెట్టి వాదించింది. మరుగునపడ్డ నలుగురు స్త్రీల పేర్లు వెతికి చూపించి తృప్తిపడడం ఆమె పద్ధతి కాదు. మేధ అనేది ఒకరి లోపల నిప్పుకణికలా ఉంటుందన్న నమ్మకాన్నే ఆమె ప్రశ్నించింది. నగ్నమైన మనిషి శరీరాన్ని చూసి గీయడం రానివాళ్ళు పెద్ద చిత్రకారులు కాలేరన్న కాలంలో, స్త్రీలని ఆ తరగతిలోకే రానివ్వలేదని గుర్తుచేసింది. పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టి, తప్పినందుకు పుట్టుకని నిందించారన్నమాట. మనం సాహిత్యంలో ఈ వాదనని బాగానే వాడుకున్నాం. చిత్రకళ దాకా తీసుకురాలేదు.

తీసుకువస్తే మన రాజమండ్రి కథే వేరుగా కనిపిస్తుంది. 1897లో పుట్టిన దామెర్ల రామారావు బొమ్మల్ని అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చూశాడు, ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళాడు, తిరిగొచ్చి ఆంధ్ర చిత్రకళకి ఒక దారి వేశాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో చనిపోయాడు. ఇది మనందరికీ తెలిసిన కథ. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. రామారావు పేరుమీద ఉన్న రాజమండ్రి గ్యాలరీలో వాళ్ళ బొమ్మలూ ఉన్నాయి. ఒకే కుటుంబంలో ముగ్గురు కుంచె పట్టారు. బొంబాయి రైలెక్కింది మాత్రం ఒక్కరే. రామారావు ప్రతిభని తక్కువ చెయ్యడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒక ప్రిన్సిపాల్ కంటపడటం, ఊరు దాటడం, నాలుగేళ్ళు మరో పని లేకుండా బొమ్మలే వెయ్యడం - ఇవి ఒకరికి దొరికి మరొకరికి దొరకనప్పుడు, ఆ ఇద్దరి బొమ్మల్ని పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని అడగడంలో న్యాయం లేదంటున్నాను.

సరిగ్గా ఇంటర్ చదివే వయసులో, పదహారేళ్ళకి, అమృతా షేర్‌గిల్ 1929లో పారిస్ చేరింది. ఆమె చదువు కోసం తల్లిదండ్రులు కుటుంబమంతా అక్కడికి మారారు. ముప్ఫై ఏళ్ళ ముందు వరకు స్త్రీలని రానివ్వని ఎకోల్ దె బోజార్‌లో ఆమె చదివింది, మోడల్స్‌ని చూసి గీసింది, 1933లో 'యంగ్ గర్ల్స్' చిత్రానికి బంగారు పతకం తెచ్చుకుంది. అమృత గురించి రాసినప్పుడల్లా ఆమె అందం, ప్రేమలు, అకాలమరణం చెప్తాం. కూతురి బొమ్మల చదువు కోసం ఒక ఇల్లు ఖండాలు దాటిందన్న విషయం చెప్పం. మన హైస్కూలు పిల్లలకి మొదట చెప్పవలసింది అదే. ఎందుకంటే మన ఇళ్ళల్లో కూతురి ఫైన్ ఆర్ట్స్ కోసం పక్క జిల్లాకి హాస్టలు ఫీజు కట్టడమే పెద్ద యుద్ధం.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి కూడా హెచ్చరించాలి. ముగ్గు, కుట్టు, గోరింటాకు కూడా కళే అని మనం గట్టిగా అన్నామనుకోండి, 'అయితే ఇంట్లోనే ఉండి వేసుకో, కాలేజీ ఎందుకు?' అని అదే మాటని తిప్పి ఆమె మీదికే వదులుతారు. కీర్తించడం, ఇంటికి పంపించెయ్యడం ఒకే నోటితో జరిగిపోతాయి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ కాలంలో ఆల్పన నేల మీది నుంచి కళాభవన్ పాఠాల్లోకి వచ్చింది, అది చిన్న విషయం కాదు. ఆయన కూతుళ్ళు గౌరీ భంజ, జమునా సేన్ ఆ అలంకరణ కళలో ఆరితేరి, భారత రాజ్యాంగం మూలప్రతిని అలంకరించిన బృందంలో కూడా పనిచేశారు. కానీ ఆ పేజీలు అనగానే మన నోటికొచ్చే పేరు నందలాల్ ఒక్కడిదే. చేతిపనిని కాలేజీ గౌరవించినా, ఆ పని చేసిన స్త్రీని పేరుపెట్టి పిలవడం మళ్ళీ వేరే పోరాటం.

చేతిపనికీ చదువుకీ మధ్య మరో దారి ఉందని మృణాళినీ ముఖర్జీ చూపించింది. బరోడాలో పెయింటింగు చదివి, తర్వాత కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్ డిజైను నేర్చుకుని, జనపనార తాళ్ళని ముడులు వేస్తూ మనిషి కంటే ఎత్తైన శిల్పాలు కట్టింది. ముడులు వెయ్యడం ఆడవాళ్ళ అల్లికపని అనుకునేవాళ్ళకి ఆ భారీ ఆకారాల ముందు మాట పెగలదు. మీరా ముఖర్జీ మ్యూనిక్‌లో చదువుకుని తిరిగొచ్చి, బస్తర్ లోహకారుల దగ్గర కూర్చుని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంది. కాలేజీకి వెళ్ళడమంటే ఇంటి చేతిని వదిలెయ్యడం కాదని ఈ ఇద్దరి పనీ చెబుతుంది. మృణాళిని తల్లిదండ్రులిద్దరూ కళాకారులన్నది కూడా దాచకూడదు. అలాంటి ఇల్లు లేని పిల్లకి ఆ పని ఎవరు చెయ్యాలి? కాలేజీయే చెయ్యాలి. ప్రభుత్వ కాలేజీ అవసరం అక్కడే ఉంది.

1987 నుంచి 1989 వరకు నలుగురు స్త్రీలు కలిసి 'త్రూ ద లుకింగ్ గ్లాస్' పేరుతో మనదేశంలో ప్రదర్శనలు చేశారు. నళినీ మలానీ జె.జె. స్కూల్లో చదివింది. అర్పితా సింగ్ ఢిల్లీ పాలిటెక్నిక్‌లో చదివింది. నీలిమా షేక్ ముందు చరిత్ర చదివి తర్వాత బరోడా వెళ్ళింది. మాధవీ పరేఖ్ ఏ కళాశాలలోనూ చదవలేదు. ఒకే గోడ మీదికి నాలుగు దారుల్లో వచ్చారు. పదిహేడేళ్ళకి సీటు రాకపోతే జీవితం అయిపోయిందనుకునే పిల్లకి ఈ నాలుగు పేర్లూ ధైర్యాన్నిస్తాయి. అయితే మాధవిని చూపించి 'కాలేజీ లేకపోయినా పర్లేదు' అని చెప్పే హక్కు మాత్రం మనకి లేదు. ఒకరు గోడ దూకారని గుమ్మం మూసెయ్యకూడదు.

సీటు వచ్చిన తర్వాత కూడా అందరికీ ఒకే కాలేజీ దొరకదు. శిల్పం బరువుపని అని, రాయీ కొలిమీ ఆడపిల్లలకెందుకని, చేరేముందే బంధువులు అప్లయిడ్ ఆర్ట్ వైపు తిప్పుతారు. స్టూడియోలో పని ఊపందుకునేది సాయంత్రాలు. సరిగ్గా అప్పుడే లేడీస్ హాస్టలు గేటు పడుతుంది. 'లైఫ్ స్టడీ' తరగతిలో వేదిక మీద కూర్చునేది ఎక్కువగా రోజుకూలికి వచ్చిన పేదమనిషి. ఆ స్త్రీ తన తల్లి వయసుదై ఉండొచ్చు, తన వాడ మనిషే అయి ఉండొచ్చు. ఆమెని గీయడానికి ఎంత గమనించాలో, ఆమె అలసటకి ఎంత బాధ్యత పడాలో ఏ ప్రవేశ పుస్తకమూ చెప్పదు. 2018లో మన కళారంగంలోని లైంగిక వేధింపుల గురించి ఎంతోమంది స్త్రీలు పేరు చెప్పుకోకుండానే బయటపెట్టారు. గురువు ఇంట్లో, గ్యాలరీ గదుల్లో జరిగేవాటిని 'కళాకారుల స్వేచ్ఛ' పేరుతో కప్పిపుచ్చడం ఎంత పాత అలవాటో అప్పుడు తెలిసింది.

అందుకని కాలేజీ చూడటానికి వెళ్ళే అమ్మాయికి ఫీజులు, ర్యాంకుల ప్రశ్నలతోపాటు మరికొన్ని ప్రశ్నలు కూడా ఇచ్చి పంపాలి. శిల్పం శాఖలో ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు? బోధించేవాళ్ళలో స్త్రీలు ఎంతమంది? స్టూడియో రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది, హాస్టలు ఎన్నింటికి మూస్తారు? 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు, వాళ్ళ పేర్లు గోడ మీద రాసి ఉన్నాయా? రంగులు, కాన్వాసు కొనలేని పిల్లలకి కాలేజీ ఏం చేస్తుంది? లైబ్రరీలో స్త్రీ చిత్రకారుల పుస్తకాలు ఉన్నాయా? పోర్ట్‌ఫోలియోలో కుండీ, యాపిల్‌పండూ మాత్రమే కాకుండా తను వేసిన సైన్సు రికార్డు పేజీలు, ముగ్గుల పుస్తకం, మగ్గం డిజైన్లు, వంటింట్లో అమ్మ చేతుల స్కెచ్చులు కూడా పెట్టమని చెప్పాలి. వాటిని చూసి నవ్వే కాలేజీ అయితే, ఆ సంగతి చేరకముందే తెలియడం మంచిది.

ఇదంతా ఆ పిల్ల ఒక్కతే చేసుకోవలసిన పని కాదు. 2009 విద్యాహక్కు చట్టం వందమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఆర్ట్ బోధించడానికి పార్ట్‌టైం బోధకులు ఉండాలని షెడ్యూల్లోనే చెప్పింది. ఎన్ని ఆడపిల్లల స్కూళ్ళలో ఉన్నారో మన మన ఊళ్ళలో వెళ్ళి అడగొచ్చు. కూల్డ్రే లాంటి ప్రిన్సిపాల్ కంటపడే అదృష్టం మీద ఆడపిల్లల చిత్రకళని వదిలెయ్యకూడదంటే, ప్రతి స్కూల్లో ఒక డ్రాయింగు టీచరు ఉండాలి, ఆ టీచర్లలో స్త్రీలు ఉండాలి.

స్త్రీవాద సాహిత్య విమర్శ రచయిత్రుల్ని వెతికి తెచ్చింది, సంకలనాలు వేసింది, చరిత్రల్ని తిరగరాసింది. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మల బొమ్మల గురించి ఒక మంచి పరిశోధన గ్రంథం రావలసే ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మిత్రులు విద్యార్థినులకి ఆ పని ఇవ్వొచ్చు. మన పత్రికలు, కవితా సంకలనాలు ముఖచిత్రాలకి స్త్రీల బొమ్మలు అడిగినప్పుడు, వేసిన అమ్మాయి పేరు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో కాకుండా కనబడేలా వెయ్యొచ్చు, కథకీ కవితకీ రాసినట్టే ఆ బొమ్మకీ సమీక్ష రాయొచ్చు, డబ్బూ ఇవ్వొచ్చు. ఫైన్ ఆర్ట్స్‌లో చేరాలా వద్దా అని ఇంట్లో వాదించుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి చేతికి చూపించడానికి ఏదైనా ఉండాలి. బొమ్మలు వేసి బతికిన స్త్రీల పేర్లు, వాళ్ళ పని, వాళ్ళ జీవితాలు తెలుగులో అచ్చులో ఉంటే, 'దీనివల్ల ఏం లాభం?' అని నాన్న అడిగినప్పుడు ఆమె ఆ పుస్తకాన్ని బల్ల మీద పెడుతుంది.